మంట ఎక్కడ? ప్రేగులలో వేడిని కొలిచే ప్రయత్నముల చరిత్ర

పొయ్యిలో మండేదానినీ మంట అంటాము, పుండు సలిపినపుడు కలిగే బాధనూ మంట అంటాము. ‘కడుపులో మంటగా ఉందండీ’, ‘ఒళ్ళు వేడి చేసిందండీ’ అనే మాటలు వినని వైద్యుడు తెలుగునాట ఉండడు. వ్యాధికీ, వేడికీ సంబంధమున్నదని మన పూర్వులు భాషలోనే చెప్పి పెట్టారు. పాశ్చాత్య వైద్యము కూడా ఆ తలపుతోనే మొదలయింది. క్రీస్తు శకము మొదటి శతాబ్దములో రోము నగరమునకు చెందిన సెల్సస్ తన వైద్యగ్రంథములో నాలుగు లక్షణములను పేర్కొన్నాడు. అవి ఎరుపు, వాపు, వేడి, నొప్పి. శరీరములో ఒక భాగము గాయపడినా, సూక్ష్మజీవుల పాలయినా, రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కణజాలముపై దాడి చేసినా ఈ నాలుగూ కనిపిస్తాయి. ఈ మార్పునే మనము తాప ప్రక్రియ అంటున్నాము.

వేలికి గోరుచుట్టు లేస్తే ఈ నాలుగు లక్షణములనూ ఎవరైనా గుర్తించగలరు. ఎరుపు కంటికి కనిపిస్తుంది, వేడి చేతికి తెలుస్తుంది. మరి తాపము చిన్నప్రేగు చివరనో, పెద్దప్రేగు లోపలి పొరలోనో కలిగితే? అక్కడి ఎరుపును చూసే కన్ను లేదు, అక్కడి వేడిని తాకే చేయి లేదు. క్రోన్స్ వ్యాధి, వ్రణములతో కూడిన పెద్దప్రేగు తాపము (అల్సరేటివ్ కొలైటిస్) గలవారికి ఇది ప్రతిదినమూ ఎదురయ్యే ప్రశ్న. లోపల వ్యాధి చల్లారిందా, నివురుగప్పిన నిప్పులా ఉన్నదా అని తెలుసుకోవడానికి వారు మాటిమాటికీ పరీక్షలకు వెళ్ళవలసి వస్తుంది. ఒక చిన్న గుళికను మ్రింగి, ప్రేగులలోని వేడిని కొలిచి ఆ సంగతి తెలుసుకోలేమా అని పరిశోధకులు ఇపుడు యోచిస్తున్నారు. వినడానికి సులువుగా ఉన్న ఈ పని ఇంతకాలము ఎందుకు సాధ్యపడలేదో తెలియాలంటే నాలుగు వందల ఏళ్ళ చరిత్రను చూడాలి.

వేడికి అంకె దొరికిన కాలము

చేయి పెట్టి చూచి జ్వరమును నిర్ణయించే కాలములో వేడి ఒక అనుభూతి మాత్రమే. చల్లని చేతికి అందరి నుదురూ కాలుతూనే ఉంటుంది. ఈ అనుభూతికి కొలతను ఇవ్వబూనిన తొలి వైద్యులలో ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయములో బోధించిన సాంటోరియో ముఖ్యుడు. పదిహేడవ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఆయన గాలి వ్యాకోచముపై ఆధారపడే గాజు గొట్టమును రోగి నోట పెట్టించి, వేడి హెచ్చుతగ్గులను గుర్తించారు. ఆ పరికరము గాలి పీడనమునకు కూడా లోబడేది కాబట్టి దానిని నమ్మడము కష్టము. 1714లో ఫారన్‌హీట్ పాదరసముతో నమ్మదగిన థర్మామీటరును తయారు చేశారు. అప్పటి నుంచి ఇద్దరు వైద్యులు వేరువేరు ఊళ్ళలో కొలిచిన వేడిని పోల్చి చూడడము సాధ్యమయింది.

కానీ శరీరములో ఎక్కడ కొలవాలి? తాపము కలిగిన చోటనే వేడి పుడుతుందా, లేక మరెక్కడి నుంచో వచ్చి చేరుతుందా? ఈ ప్రశ్నను సూటిగా పరీక్షకు పెట్టినవారు లండనులోని శస్త్రవైద్యులు జాన్ హంటర్.

హంటర్ చూపిన చిక్కు

హంటర్ సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో వరిబీజమునకు శస్త్రచికిత్స చేసేటపుడు, కోసిన వెంటనే వృషణము పక్కన థర్మామీటరు బుడ్డిని ఉంచి చూశారు. అది 92 డిగ్రీల ఫారన్‌హీట్, అనగా సుమారు 33.3 డిగ్రీల సెల్సియస్ చూపింది. మరునాడు గాయము తాపము చెందిన తరువాత అదే చోట కొలిస్తే 98.75 డిగ్రీలు, అనగా సుమారు 37.1 డిగ్రీల సెల్సియస్ ఉన్నది. ఒక్క దినములో దాదాపు నాలుగు సెల్సియస్ డిగ్రీల పెరుగుదల. తాపము వేడిని పెంచుతుందనడానికి ఇంతకంటె నిదర్శనము ఏమి కావాలి?

హంటర్ అక్కడితో ఆగలేదు. కుక్క ఛాతీ వంటి శరీరపు లోతట్టు భాగములలో కూడా తాపము కలిగించి థర్మామీటరుతో చూశారు. అక్కడ చెప్పుకోదగిన పెరుగుదల కనిపించలేదు. ఆయన మరణానంతరము 1794లో వెలువడిన గ్రంథములో ఈ ప్రయోగములను వివరిస్తూ, ఒక భాగమునకు పరిమితమైన తాపము అక్కడి వేడిని రక్తప్రసరణకు మూలమైన చోట ఉండే వేడిని మించి పెంచలేదని ఆయన నిర్ధారించారు.

ఈ మాటలోని అంతరార్థమును గ్రహిస్తే మన కథ అంతా అర్థమవుతుంది. చర్మము, కాళ్ళు, చేతులు, వృషణములు శరీరపు నడిమి భాగము కంటె చల్లగా ఉంటాయి. అక్కడ తాపము కలిగితే రక్తనాళములు విప్పారి, లోపలి నుంచి వెచ్చని రక్తము హెచ్చుగా వచ్చి చేరుతుంది. చల్లని గదిలోకి పక్కగది వెచ్చదనము ప్రవేశించినట్లు తేడా వెంటనే తెలుస్తుంది. ప్రేగులు ఎప్పుడూ ఆ వెచ్చని గదిలోనే ఉంటాయి. అక్కడికి ఎంత రక్తము వచ్చినా దాని వేడీ, ప్రేగుల వేడీ దాదాపు ఒక్కటే. అందుచేత గోరుచుట్టును పట్టి ఇచ్చే లక్షణము ప్రేగులలో మరుగున పడిపోతుంది.

కడుపునకు తెరచిన కిటికీ

మనిషి జీర్ణాశయపు వేడిని కొలిచే అవకాశము ఒక ప్రమాదము వలన కలిగింది. 1822వ సంవత్సరము జూన్ 6వ తేదీన ఉత్తర అమెరికాలోని మాకినా ద్వీపములో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకునికి తుపాకి గుండు తగిలింది. అతడు బ్రతికాడు కాని పొట్ట పైభాగములో జఠరాశయములోకి ఒక రంధ్రము శాశ్వతముగా మిగిలిపోయింది. సైనిక వైద్యులు విలియమ్ బోమాంట్ ఆ రంధ్రము ద్వారా ఏళ్ళ తరబడి జీర్ణక్రియను పరిశీలించి, 1833లో గ్రంథముగా ప్రకటించారు.

బోమాంట్ థర్మామీటరును ఆ రంధ్రము గుండా లోనికి పంపి చూచినపుడు జఠరాశయములో వేడి సాధారణముగా 100 డిగ్రీల ఫారన్‌హీట్, అనగా సుమారు 37.8 డిగ్రీల సెల్సియస్ ఉండేది. శరీరశ్రమ చేసినపుడు అది పెరిగేది. అంటే ఆరోగ్యముగా ఉన్నవానిలో కూడా లోపలి వేడి నిలకడగా ఒకే అంకెపై నిలబడదని అప్పుడే తెలిసింది.

నా దృష్టిలో ఆయన చూచిన మరొక విషయము అంతకంటె విలువైనది. సెయింట్ మార్టిన్ కొన్ని దినములు ఎడతెరపి లేకుండా మద్యము సేవించిన తరువాత జఠరాశయపు లోపలి పొర ఎర్రబడి, అక్కడక్కడ పుండ్లు కనిపించాయి. అయినా అతడు నొప్పి అని గాని, నలత అని గాని చెప్పలేదు. లోపల తాపము ఉండి కూడా మనిషి తాను బాగున్నానని అనుకోవచ్చును. నేటి ప్రేగుల వ్యాధులలో వైద్యులను అన్నిటికంటె ఎక్కువ కలవరపెట్టేది ఇదే. విరేచనములు తగ్గాయి, ఆకలి వేస్తున్నది, ఇక మందులెందుకని రోగి మానివేస్తాడు. లోపల మాత్రము ప్రేగు పొర నెమ్మదిగా చెడిపోతూనే ఉంటుంది.

వేడి ఎక్కడ పుడుతున్నది?

హంటర్ తరువాత ఈ చర్చను ముందుకు నడిపినవారిలో ఫ్రాన్సు దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞులు క్లోడ్ బెర్నార్డ్ ఒకరు. 1850ల తొలినాళ్ళలో ఆయన కుందేలు మెడలోని సహవేదన నాడిని ఒకవైపు కోసి చూశారు. ఆ వైపు చెవిలో రక్తనాళములు విప్పారి, చెవి ఎర్రబడి వెచ్చనయింది. ఏ సూక్ష్మజీవీ లేదు, గాయము చెవిలో లేదు. రక్తప్రవాహము పెరగడము వలననే వేడి పెరిగింది. జంతువుల రక్తనాళములలోకి, గుండె గదులలోకి థర్మామీటరులను పంపి, కాలేయము నుంచి వెలువడే రక్తము మిక్కిలి వెచ్చనిదని కూడా ఆయన చూపారు. దీనితో హంటర్ వాదమునకు బలము చేకూరినట్లయింది.

అయితే 1860లో లండనులో జాన్ సైమన్ మరొక సాక్ష్యమును తెచ్చారు. పాదరసపు థర్మామీటరు పసిగట్టలేని స్వల్పభేదములను విద్యుత్ సూదులు పసిగట్టగలవు. రెండు లోహములు కలిసిన చోట వేడి మారితే స్వల్పముగా విద్యుత్తు పుడుతుంది. ఆ సూత్రముతో కొలిచినపుడు, తాపము చెందిన అవయవమునకు వచ్చే ధమని రక్తము కంటె తాపస్థానము వెచ్చగా ఉన్నదని, అక్కడి నుంచి మరలిపోయే సిర రక్తము కూడా వచ్చిన రక్తము కంటె వెచ్చగా ఉన్నదని ఆయన తెలిపారు. అనగా తాపము చెందిన కణజాలము తన సొంత వేడిని కొంత పుట్టిస్తున్నది.

ఇద్దరి మాటలలోనూ నిజమున్నది. తాపస్థానములో చేరే తెల్లకణములు చురుకుగా పనిచేస్తాయి. వాటి జీవవ్యాపారము వలన వేడి పుడుతుంది. కాని అదే చోట హెచ్చిన రక్తప్రవాహము ఆ వేడిని ఎప్పటికప్పుడు మోసుకొనిపోతుంది. మిగిలేది స్వల్పము. ప్రేగులలో వెదకవలసినది ఆ స్వల్పమునే.

ఉరికంబము దాకా వెళ్ళిన వ్యాధి

ప్రేగుల తాపమును బ్రతికి ఉండగా గుర్తించలేకపోతే ఏమి జరుగుతుందో 1859లో ఇంగ్లండులో జరిగిన ఒక వ్యాజ్యము చెబుతుంది. ఇసబెల్లా బ్యాంక్స్ అనే స్త్రీ కొన్ని వారములు వాంతులు, విరేచనములతో బాధపడి ఆ సంవత్సరము మే నెలలో మరణించింది. ఆమెతో కాపురము చేస్తున్న వైద్యుడు థామస్ స్మెథర్స్ట్‌కు అంతకు ముందే భార్య ఉన్నది. ఇసబెల్లా తన ఆస్తిని అతని పేర వ్రాసింది. అనుమానమునకు ఇంతకంటె ఏమి కావాలి? విషప్రయోగమని అతనిపై నేరము మోపారు.

పేరుపొందిన విషశాస్త్రజ్ఞులు ఆల్ఫ్రెడ్ స్వేన్ టేలర్ ఒక సీసాలోని ద్రవములో ఆర్సెనిక్, అనగా పాషాణము, ఉన్నదని మొదట తెలిపారు. పరీక్షకు వాడిన రాగిలోనే ఆర్సెనిక్ కలిసి ఉన్నదని తరువాత తేలింది. అయినా న్యాయస్థానము స్మెథర్స్ట్‌కు మరణశిక్ష విధించింది. వైద్యులు, న్యాయవాదులు ఆందోళన చేశారు. ప్రభుత్వము ప్రసిద్ధ శస్త్రవైద్యులు బెంజమిన్ బ్రాడీ అభిప్రాయమును కోరింది. నేరము నిశ్చయముగా రుజువు కాలేదని ఆయన తెలుపగా మరణశిక్ష రద్దయింది. భార్య ఉండగా మరొక వివాహము చేసుకొన్నందుకు మాత్రము అతడు చెరసాల అనుభవించాడు.

ఇసబెల్లా ప్రేగులను పరిశీలించినవారిలో గైస్ ఆసుపత్రి వైద్యులు సామ్యూల్ విల్క్స్ ఒకరు. చిన్నప్రేగు చివరి భాగములోనూ, పెద్దప్రేగులోనూ ఆయన చూచిన తాపమును, వ్రణములను వివరిస్తూ అదే సంవత్సరము ఒక వైద్యపత్రికలో ప్రకటించారు. వ్రణములతో కూడిన పెద్దప్రేగు తాపము చరిత్రను వ్రాసేవారు నేటికీ ఆ వర్ణనతో మొదలు పెడతారు. చిన్నప్రేగు కూడా చెడినందున ఆమెకు ఉన్నది క్రోన్స్ వ్యాధి కావచ్చునని తరువాతివారు భావించారు. ఒక మనిషి ప్రాణము ప్రేగులలోని తాపమునకు కారణమేమిటన్న ప్రశ్నపై వ్రేలాడింది. దానికి జవాబు వెదకడము శవపరీక్ష తరువాతనే సాధ్యమయింది. ఆ కాలమునకు ఇంగ్లండులో రోగికి థర్మామీటరు పెట్టడము కూడా నిత్యాచారము కాలేదు.

జ్వరపు పట్టిక, ప్రేగుల వ్యాధి

థర్మామీటరును రోగి మంచము దగ్గరకు తెచ్చిన కీర్తి జర్మనీలోని లైప్జిగ్ వైద్యులు కార్ల్ వుండర్‌లిఖ్‌ది. ఆయన వేలాది రోగుల చంకలలో వేడిని దినదినమూ కొలిపించి, పట్టికలు వ్రాయించి, 1868లో బృహద్గ్రంథము ప్రకటించారు. 37 డిగ్రీల సెల్సియస్ అనే అంకె మన మనస్సులలో పాతుకొనిపోవడానికి ఆయనే కారణము. జ్వరము దానికదే ఒక వ్యాధి కాదు, అది వ్యాధులకు లక్షణమని ఆయన నొక్కి చెప్పారు. ఆయన వాడిన థర్మామీటరు దాదాపు అడుగు పొడవు ఉండేది, కొలతకు పావుగంటకు పైగా పట్టేది. అదే దశాబ్దములో ఇంగ్లండు వైద్యులు క్లిఫర్డ్ ఆల్బట్ ఆరు అంగుళముల పొడవు గల, అయిదు నిమిషములలో పని ముగించే థర్మామీటరును రూపొందించారు. నర్సుల జేబులలోకి, ఆ తరువాత ఇంటింటికీ థర్మామీటరు చేరడానికి అది దారి చేసింది.

37 అనే ఆ అంకె కూడా తరువాత సవరణకు లోనయింది. 1992లో అమెరికాలో 148 మంది ఆరోగ్యవంతుల నోటి వేడిని పలుమారులు కొలిచినపుడు సగటు 36.8 డిగ్రీలుగా తేలింది. ఉదయము తక్కువ, సాయంకాలము ఎక్కువ అని, మనిషికీ మనిషికీ తేడా ఉన్నదని కూడా ఆ కొలతలు తెలిపాయి.

1932లో న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ చిన్నప్రేగు చివరి భాగమునకు కలిగే తాపమును 14 మంది రోగులలో వివరించారు. అంతకు ముందు 1913లోనే స్కాట్లండులోని గ్లాస్గో శస్త్రవైద్యులు డాల్జీల్ ఇటువంటి రోగులను వర్ణించి, ఇది క్షయ కాదని చెప్పారు. న్యూయార్కు వ్యాసము తరువాత ఈ వ్యాధికి క్రోన్ పేరు స్థిరపడింది. ఆ రోగులలో జ్వరము, విరేచనములు, బరువు తగ్గడము కనిపించాయి.

1955లో ఆక్స్ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్ 210 మంది పెద్దప్రేగు తాప రోగులపై కార్టిసోన్ మందును పరీక్షించారు. మందు పొందినవారిలో సుమారు 41 శాతము మందికి వ్యాధి పూర్తిగా అణగగా, పొందనివారిలో సుమారు 16 శాతము మందికే అణగింది. వ్యాధి తీవ్రతను నిర్ణయించడానికి వారు కొన్ని గుర్తులను ఏర్పరచారు. దినమునకు ఆరు, అంతకు మించిన రక్త విరేచనములు, నిమిషమునకు 90 దాటిన నాడి, రక్తహీనత, ఎర్రకణములు అడుగునకు చేరే వేగము (ఇ.ఎస్.ఆర్) 30 దాటడము, వాటితో పాటు నాలుగు దినములలో రెండు దినములైనా 37.8 డిగ్రీలకు చేరిన జ్వరము అందులో ఉన్నాయి. స్వల్ప మార్పులతో ఆ గుర్తులు నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఈ జాబితాలో వేడికి చోటు దొరికింది. కాని ఇది ఒళ్ళంతా కాగే వేడి. తాపము తీవ్రమైనపుడు దాని నుంచి వెలువడే రసాయనములు రక్తము ద్వారా మెదడును చేరి జ్వరమును కలిగిస్తాయి. ఒక మూల అంటుకొన్న నిప్పును ఇల్లంతా పొగ కమ్మిన తరువాత గుర్తించడము వంటిది ఇది. పైగా కార్టిసోన్ వంటి మందులు జ్వరమును అణచివేస్తాయి కాబట్టి, వాటిని వాడుతున్నవారిలో జ్వరము లేకపోవడమును చూచి ధైర్యపడకూడదు.

మ్రింగే గుళికలు

1947లో ట్రాన్సిస్టరు పుట్టింది. పదేళ్ళలో అది మనిషి కడుపులోకి చేరింది. 1957లో స్వీడనులో బెర్టిల్ జాకబ్సన్, అమెరికా నుంచి వెళ్ళిన స్టూవర్ట్ మెకే కలిసి, మ్రింగితే ప్రేగులలోని పీడనమునూ, వేడినీ రేడియో తరంగములతో బయటకు తెలిపే గుళికను ప్రకటించారు. అదే సంవత్సరము అమెరికాలో టెలివిజన్ నిర్మాతలలో అగ్రగణ్యులైన జ్వోరికిన్, వైద్యులతో కలిసి ప్రేగుల పీడనమును తెలిపే గుళికను రూపొందించారు. బోమాంట్‌కు ఒక గాయపడిన మనిషి కావలసి వచ్చింది. ఈ గుళికతో ఏ గాయమూ లేని మనిషి లోపలి వేడిని కూడా తెలుసుకోవచ్చును.

1980లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాల కలిసి వేడిని కొలిచే గుళికను మెరుగుపరచాయి. దానిలో ఒక స్ఫటికము ఉంటుంది. వేడి మారినపుడు ఆ స్ఫటికపు స్పందన వేగము మారుతుంది. నడుమునకు కట్టుకొన్న పరికరము ఆ మార్పును గ్రహించి డిగ్రీలలో చూపుతుంది. 1998లో 77 ఏళ్ళ వయస్సులో రెండవసారి అంతరిక్షమునకు వెళ్ళిన జాన్ గ్లెన్ అటువంటి గుళికను మ్రింగారు. ఎండలో శ్రమించే క్రీడాకారులకు వడదెబ్బ తగలకుండా కనిపెట్టడానికి కూడా వీటిని వాడుతున్నారు. అయితే ఈ పనులన్నిటిలో ప్రేగు ఒక దారి మాత్రమే. తెలుసుకోవలసినది శరీరపు నడిమి వేడి. ప్రేగు తన సంగతి తాను చెప్పుకొనే అవకాశము అప్పటికి రాలేదు.

ఈలోగా ప్రేగు తాపమును గుర్తించడానికి వేరు దారులు ఏర్పడ్డాయి. 1980లో నార్వేలో ఫాగర్‌హోల్ బృందము తెల్లకణముల నుంచి ఒక మాంసకృత్తును వేరు చేసింది. దానికి తరువాత కాల్ప్రొటెక్టిన్ అనే పేరు వచ్చింది. ప్రేగు పొరలో తాపముంటే తెల్లకణములు ప్రేగులోనికి జారి, ఆ పదార్థము మలములో కనిపిస్తుంది. 1992 నుంచి మలములో దానిని కొలిచే పద్ధతి అందుబాటులోనికి వచ్చింది. 2000లో ఇజ్రాయెల్ ఇంజనీరు గావ్రియేల్ ఇద్దాన్, ఆయన సహచరులు మ్రింగే కెమెరాను ప్రకటించారు. సెల్సస్ చెప్పిన ఎరుపు, వాపు ఈ కెమెరాతో చిన్నప్రేగులో కూడా కంటికి కనిపించసాగాయి. నొప్పిని రోగి చెబుతాడు. నాలుగింటిలో చివరకు మిగిలిపోయినది వేడి.

ఇపుడు సాధ్యమవుతుందని ఎందుకు ఆశిస్తున్నారు?

హంటర్ చూపిన చిక్కు నేటికీ తొలగలేదు. ప్రేగు ఎప్పుడూ వెచ్చనిదే. మారినది మన కొలిచే తీరు. హంటర్‌కు ఒక గాయము దగ్గర దినమునకు ఒకటి రెండు కొలతలు దొరికాయి. నేటి గుళిక నోటి నుంచి మలద్వారము దాకా సాగే ప్రయాణములో, సాధారణముగా ఒకటి రెండు దినములలో, వందలాది కొలతలను ఇస్తుంది. ఒక్క అంకెలో కనబడని స్వల్పభేదము వందల అంకెల వరుసలో బయటపడే అవకాశమున్నది. ఆ వరుసలోని సగటు, హెచ్చుతగ్గుల తీరు, దినచక్రములో వచ్చే మార్పు తాపమున్నవారిలోనూ లేనివారిలోనూ వేరుగా ఉంటాయా అన్నది పరిశీలించవలసిన విషయము.

అడ్డంకులూ తక్కువేమీ కావు. గుళిక జఠరాశయములో ఉండగా చల్లని మజ్జిగ త్రాగితే కొలత పడిపోతుంది. మెట్లు ఎక్కితే పెరుగుతుంది. తెల్లవారుజామున శరీరపు వేడి తగ్గి, సాయంకాలము పెరుగుతుంది. స్త్రీలలో అండము విడుదలయిన తరువాత దినములలో కొద్దిగా పెరుగుతుంది. జలుబు చేసినా, వేరొక చోట చీము పట్టినా పెరుగుతుంది. కాబట్టి ఎవరి అంకెను వారి అంకెతోనే, అదే వేళకు తీసినదానితోనే పోల్చాలి. వేడి పెరిగిందని తెలిసినా కారణము తెలియదు. మన దేశములో ప్రేగుల క్షయ నేటికీ ఉన్నది. అది అచ్చము క్రోన్స్ వ్యాధిలాగే కనిపిస్తుంది. ఒకదానికి వాడే మందు రెండవదానిని విషమింపజేయవచ్చును. ఈ రెంటినీ థర్మామీటరు విడదీయలేదు. అందుకు కొలనోస్కోపీ చేసి, ప్రేగు పొర నుంచి చిన్న ముక్కను తీసి పరీక్షించడము అవసరము.

మరొక జాగ్రత్త. క్రోన్స్ వ్యాధిలో ప్రేగు కొన్నిచోట్ల ఇరుకుగా మారుతుంది. అటువంటివారు గుళికను మ్రింగితే అది ఇరుక్కొనిపోయి, శస్త్రచికిత్స చేయవలసి రావచ్చును. వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఏ గుళికనూ మ్రింగకూడదు. విద్యుత్ పరికరమున్న గుళిక శరీరములో ఉండగా ఎమ్మారై పరీక్షకు వెళ్ళకూడదు.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి

నేటికి ప్రేగుల తాపమును నిర్ధారించేవి కొలనోస్కోపీ, కణజాల పరీక్ష, రక్తములో సి-రియాక్టివ్ ప్రోటీన్, మలములో కాల్ప్రొటెక్టిన్, అవసరమైన చోట స్కానులు. కాల్ప్రొటెక్టిన్ సూక్ష్మజీవుల వలన కలిగే విరేచనములలోనూ, కొన్ని నొప్పి మాత్రలు వాడేవారిలోనూ పెరుగుతుంది కాబట్టి దాని ఫలితమును కూడా వైద్యుని చేతనే చదివించుకోవాలి. ప్రేగుల వేడిని కొలిచే పద్ధతి వీటి సరసన చేరితే, కొలనోస్కోపీని తరచుగా చేయించుకోలేనివారికి, ముఖ్యముగా పిల్లలకు, అది ఊరట కలిగిస్తుంది. అంతవరకు దానిని ఆశగానే చూడాలి, ఆధారము చేసుకోకూడదు.

మన వాడుకలోని ‘వేడి చేయడము’ థర్మామీటరుకు అందే వేడి కాదు. మామిడిపండు తిన్నందువలన ప్రేగులలో డిగ్రీలు పెరగవు. సబ్జా గింజల నీళ్ళు దాహమును తీరుస్తాయే కాని ప్రేగు పొరలోని వ్రణమును మాన్పవు. మలములో రక్తము పడినా, విరేచనములు నాలుగు వారములు దాటినా, రాత్రి నిద్రలో లేచి మలవిసర్జనకు పోవలసి వచ్చినా, కారణము తెలియకుండా బరువు తగ్గినా, జ్వరము లేదు కదా అని జాప్యము చేయక వైద్యుని కలవాలి. దినమునకు ఆరుసార్లకు మించి రక్త విరేచనములవుతూ జ్వరము గాని, గుండెదడ గాని ఉంటే ఆ దినమే ఆసుపత్రిలో చేరాలి.

ఈ వ్యాధులు ఇప్పటికే ఉన్నవారు, ఒంట్లో బాగున్నదని తోచినపుడు కూడా మందులను తమంతట తాము మానకూడదు. వైద్యుడు చెప్పిన గడువునకు మలపరీక్ష, రక్తపరీక్ష చేయించుకొనడము, ఆ ఫలితములను వరుసగా ఒక పుస్తకములో వ్రాసి ఉంచుకొనడము మంచిది. ఎవరి అంకెను వారి పాత అంకెతో పోల్చినపుడే దానికి విలువ ఉంటుంది. రెండు వందల ఏళ్ళ క్రితము సెయింట్ మార్టిన్‌కు తన కడుపులోని పుండ్ల సంగతి తెలియలేదు. మీ ప్రేగుల సంగతి మీకు తెలిపే పరీక్షలు నేడు ఉన్నాయి, వాటిని వాడుకొనండి.